డిసెంబర్ బ్యాచ్ చేతికొచ్చిన సూపర్‌వైజర్‌కు

బ్రాయిలర్ కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా కొత్తగా చేరి, గజ్వేల్ లైనో వర్గల్ లైనో మీ చేతికొచ్చి ఉంటే, మీ పనితనం బయటపడేది డిసెంబర్‌లోనే. ఎండాకాలం కోళ్లు పోతే ఎండ మీదికి నెట్టొచ్చు. పక్క లైన్లోనూ పోతాయి కాబట్టి రివ్యూ మీటింగ్‌లో ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. చలికాలం అలా కాదు. ఒకే హ్యాచరీ నుంచి, ఒకే బండిలో, ఒకే ఊరికి వచ్చిన పిల్లలు ఒక షెడ్డులో చక్కగా ఎదుగుతాయి, రెండు పొలాల అవతలి షెడ్డులో గుట్టలుగా చస్తాయి. తేడా ఎక్కడుందో షీటు చూసిన ప్రతివాడికీ తెలిసిపోతుంది. సిద్దిపేట జిల్లాలో ఈ పనిలో చాలా చలికాలాలు గడిపాను. నేను చేసిన తప్పులు మీరు మళ్లీ చేయనవసరం లేదు కాబట్టి, ఎక్కడ దెబ్బ తింటామో వివరంగా రాస్తున్నాను.

ముందు పిల్ల సంగతి. హ్యాచరీ నుంచి వచ్చే రోజు దాని బరువు 40 గ్రాములకు అటూ ఇటూ. ఒంటి మీద ఉండేది నూగు, ఈకలు కాదు. ఒంటి వేడి 40 డిగ్రీల దగ్గర నిలబడాలి గానీ, ఆ వేడిని సొంతంగా నిలబెట్టుకునే శక్తి దానికి రెండు వారాల దాకా సరిగా రాదు. మన ఇళ్లల్లో పెట్ట పిల్లలు చేసినప్పుడు చూసే ఉంటారు. పిల్లలు బయటికొచ్చి నాలుగు గింజలు ఏరుకుంటాయి, ఒళ్లు చల్లబడగానే రెక్క కిందికి దూరతాయి, కాసేపటికి మళ్లీ వస్తాయి. వెచ్చని చోటు ఒకటి, మేత ఉండే కాస్త చల్లని చోటు ఒకటి, రెండింటి మధ్య తిరిగే వీలు. బ్రూడింగ్ అంటే ఇంతే. షెడ్డు మొత్తాన్ని కొలిమిలా కాల్చడం కాదు. బ్రూడర్ కింద వేడి, దానికి నాలుగడుగుల దూరంలో కొంచెం తక్కువ, చిక్ గార్డు అంచున ఇంకా తక్కువ ఉండాలి. తనకు కావలసిన చోటు పిల్లే వెతుక్కుంటుంది. చలి పట్టిన పిల్ల తిరగదు. తిరగని పిల్ల తినదు, తాగదు. ముడుచుకుని కూర్చున్న మొదటి రోజు ఎదుగుదల మళ్లీ తిరిగి రాదు.

మన దగ్గరి చలికి ఒక గుణం ఉంది. డిసెంబర్, జనవరిలో మధ్యాహ్నం 28, 29 డిగ్రీలు ఉంటుంది. అదే రోజు తెల్లవారుజామున 11, 12కు పడిపోతుంది. చలి ముదిరిన రాత్రుల్లో 10 కంటే దిగువకు వెళ్తుంది. కంపెనీ మాన్యువల్స్ ఎక్కువగా మూసిన, ఆటోమేటిక్ షెడ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన లైన్లో ఇప్పటికీ ఎక్కువ షెడ్లు రెండు వైపులా జాలీ, పరదాలతో ఉండేవే. బయట ఎంత పడితే లోపల అంత పడుతుంది. మీరు విజిట్‌కు వెళ్లేది పదకొండింటికి. అప్పటికి ఎండ ఎక్కి, పరదా దించి, పిల్లలు హాయిగా తిరుగుతుంటాయి. "అన్ని మంచిగనే ఉన్నయి సార్" అంటాడు ఫార్మర్. అతను అబద్ధం చెప్పడం లేదు. నష్టం జరిగింది రాత్రి రెండు నుంచి ఐదు మధ్య, ఇద్దరూ నిద్రలో ఉన్నప్పుడు.

అందుకే చలికాలంలో విజిట్ టైమ్ మార్చుకోండి. రోజూ అన్ని ఫారాలకూ రాత్రి తిరగడం కుదరదని నాకూ తెలుసు. ఏ ఫారంలో కొత్త బ్యాచ్ దిగిందో అక్కడికి మొదటి మూడు రాత్రుల్లో కనీసం ఒక్కసారి తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లండి. మిగతా రాత్రులు ఫార్మర్‌తో ఒప్పందం పెట్టుకోండి: పది గంటలకు, రెండు గంటలకు, ఐదు గంటలకు థర్మామీటర్ ఫోటో, పిల్లల వీడియో పది సెకన్లు వాట్సాప్‌లో పంపాలి. ఫోటో అడిగితే సగం మందికి కోపం వస్తుంది. ఆ ఫోటో తీయాలంటే లేచి షెడ్డులోకి వెళ్లాలి, మనకు కావలసింది అదే. ఆ రాత్రి చలి ఎంత ఉండబోతుందో ముందే చూసుకోవడం కూడా మీ డ్యూటీలో భాగమే. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ మండలాల వారీగా ఇచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రతల రీడింగులు రోజూ చూస్తుంటే వారంలోనే మీ మండలం లెక్క తలకెక్కుతుంది. హైదరాబాద్ ఎంత చూపించిందన్నది మీకు పనికిరాదు. చెరువు పక్క షెడ్డుకీ గుట్ట మీది షెడ్డుకీ కూడా తేడా ఉంటుంది.

ఇప్పుడు నా మొదటి చలికాలం తప్పు చెప్తాను. బండి తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చింది. 5,000 పిల్లలు. ఫార్మర్ బ్రూడర్లు వెలిగించింది మూడు గంటలకు. నేను వెళ్లేసరికి థర్మామీటర్ 33 చూపిస్తోంది. సరిపోయిందనుకుని సంతకం పెట్టి బాక్సులు దింపించాను. మర్నాడు సాయంత్రానికి 60 పిల్లలు పోయాయి, మిగతావి గొంతు పగిలేలా అరుస్తున్నాయి. హ్యాచరీ పిల్లలే వీక్ అని ఫార్మర్ అన్నాడు, నేనూ అదే రిపోర్ట్ చేశాను. లైన్లో సీనియర్ ఒకాయన వచ్చి ఒక్క మాట మాట్లాడకుండా ఒక పిల్లను తీసి దాని పాదాలు నా చెంపకు ఆనించాడు. మంచుముక్కలా ఉన్నాయి. తర్వాత ఊక లోపలికి వేలు పెట్టమన్నాడు. పైన గోరువెచ్చగా ఉంది, రెండంగుళాల కింద నేల చల్లగా ఉంది. గాలి గంటలో వేడెక్కుతుంది. ఊక, దాని కింది నేల వేడెక్కడానికి పగలూ రాత్రీ పడుతుంది. పిల్ల కడుపు, కాళ్లు ఆనేది గాలికి కాదు, ఊకకు.

అందుకని చలికాలంలో బండి రావడానికి 24 గంటల ముందు బ్రూడర్లు వెలిగి ఉండాలి. ఊక రెండు మూడు అంగుళాల మందం ఉండాలి, ఎండబెట్టినదై ఉండాలి. పిల్లలు దిగే వేళకు ఊక పైభాగం 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి, బ్రూడర్ అంచున పిల్ల వీపు ఎత్తులో 33, 34 ఉండాలి. పాత ఫార్మర్లు ఫారన్‌హీట్‌లో 95 అంటారు. అది 35 సెల్సియస్, బ్రూడర్ కింద లెక్క. థర్మామీటర్ ఎక్కడ వేలాడుతోందో ముందు చూడండి. చాలా షెడ్లలో అది స్తంభానికి, మనిషి కంటి ఎత్తులో ఉంటుంది. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి అక్కడ 33 ఉన్నా కింద 27 ఉండొచ్చు. తాడు పొడుగు చేసి ఊకకు రెండంగుళాల పైన కట్టించండి.

దిగిన తర్వాత ఎనిమిది గంటలకు, మళ్లీ 24 గంటలకు క్రాప్ చూడండి. నాలుగు మూలల నుంచి ముప్పై నలభై పిల్లలను పట్టుకుని మెడ కింద సంచిని వేలితో తడమాలి. నానబెట్టిన అటుకుల్లా మెత్తగా, నిండుగా ఉంటే తిన్నది, తాగింది. రాయిలా గట్టిగా ఉంటే తిన్నది గానీ నీళ్లు దొరకలేదు. నీటి బుడగలా ఉంటే తాగింది గానీ మేత దొరకలేదు. ఖాళీగా ఉంటే చలి పట్టి కదల్లేదు. 24 గంటలకు నూటికి 95 పిల్లల సంచి నిండి ఉండాలి. ఏడో రోజు బరువు కోసం ఆగకండి, అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. ఏడో రోజుకు పుట్టిన బరువుకు నాలుగు రెట్లు దాటాలి, మంచి బ్యాచ్ నాలుగున్నర రెట్లకు వస్తుంది. ఆ బరువు నిర్ణయమయ్యేది ఈ మొదటి రోజు సంచిలోనే.

నీళ్లు చల్లగా ఉంటే పిల్ల ముక్కు ముంచి వెనక్కి లాక్కుంటుంది. పొద్దున ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు మీ చేతి మీద పోసుకుని చూడండి, అర్థమవుతుంది. మొదటి రోజుల్లో డ్రింకర్లలో గోరువెచ్చని నీళ్లు చేత్తో పోయించాలి.

థర్మామీటర్ సాయం చేస్తుంది, కానీ తీర్పు పిల్లలదే. బ్రూడర్ కింద ఒకదాని మీద ఒకటి గుంపు కట్టి, సన్నగా ఆగకుండా అరుస్తుంటే చలి. గార్డు అంచులకు పోయి, రెక్కలు వదిలి, నోరు తెరిచి ఉంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే ఆ ఎదుటి పక్క నుంచి ఎక్కడో గాలి కొడుతోంది. చిరిగిన పరదా, తలుపు సందు, ఏదో ఒకటి దొరుకుతుంది. అగ్గిపుల్ల గీసి మంట ఎటు వంగుతుందో చూస్తే చాలు. షెడ్డంతా పలచగా పరుచుకుని, కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని పక్కకు ఒరిగి పడుకుని, మెల్లగా కిచకిచమంటుంటే సరిగా ఉన్నట్టు. గుంపు కట్టినప్పుడు చలికి పోయేవాటి కంటే ఊపిరాడక పోయేవే ఎక్కువ. అడుగున ఉన్న పిల్లల ఒళ్లు తడిసి, చదునుగా ఉంటాయి. పొద్దున చచ్చిన పిల్లలు షెడ్డంతా చెదురుగా దొరికాయా, ఒకే చోట కుప్పగా దొరికాయా అని ఫార్మర్‌ను తప్పకుండా అడగండి. కుప్పగా అంటే రాత్రి వేడి పోయింది.

ఇక అసలు ప్రమాదానికి వద్దాం. చలి అనగానే అందరూ చేసే పని షెడ్డును మూసేయడం. ఫీడ్ సంచులు కుట్టి, పరదాల మీద పరదాలు కట్టి, పైన సీలింగ్ షీటు వేసి, సందు కనిపిస్తే గుడ్డలు కుక్కుతారు. పిల్లలు అరవవు, గ్యాస్ ఆదా అవుతుంది. మొదటి వారం మోర్టాలిటీ కూడా తక్కువే వస్తుంది, మీకు మెప్పు వస్తుంది. నాలుగో వారంలో, ఐదో వారంలో మొదలవుతుంది అసలు కథ. బాగా ఎదిగిన కోళ్లే కడుపు ఉబ్బి, వెల్లకిలా పడి చస్తాయి. కోసి చూస్తే కడుపు నిండా పసుపుపచ్చటి నీరు. దాన్నే అసైటిస్ అంటాం. చలికి ఒంటిని వేడిగా ఉంచుకోవడానికి కోడికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. మూసిన షెడ్డులో అది తక్కువ దొరుకుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఆ భారం మోయలేక చివరికి నీరు చేరుతుంది. దానికి తోడు బయటికి పోని తేమతో ఊక తడుస్తుంది, తడి ఊక నుంచి అమోనియా లేస్తుంది, ఆ అమోనియా ఊపిరి గొట్టాన్ని దెబ్బతీసి సీఆర్డీ అనే ఊపిరి జబ్బుకు తలుపు తెరుస్తుంది. అప్పుడు మందుల బిల్లు పెరుగుతుంది. మందులు ఎన్ని మార్చినా గాలి మారకపోతే ఫలితం ఉండదు.

షెడ్డులోకి అడుగు పెట్టగానే కళ్లు మండాయంటే అమోనియా అప్పటికే హద్దు దాటింది. మనం ఐదు నిమిషాల్లో బయటికొస్తాం. పిల్ల ముక్కు ఊకకు రెండంగుళాల పైన ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటుంది. ఎంత చలిగా ఉన్నా పరదా పైభాగాన ఒక అడుగు సందు ఎప్పుడూ ఉండాలి. గాలి పిల్లల మీద కొట్టకుండా, పైనుంచి చెడ్డ గాలి పోయేలా. దానికి పరదా కింద గట్టిగా బిగించి, పైనుంచి కిందికి దించేలా కట్టాలి. కింది నుంచి పైకి చుట్టే పరదాలు మన లైన్లో ఇంకా ఉన్నాయి. అవి చలికాలంలో పనికిరావు, ఎత్తిన ప్రతిసారీ చలిగాలి సూటిగా పిల్లల మీదికే వస్తుంది. తూర్పు పడమరల పొడవున కట్టిన షెడ్డులో ఉత్తరం వైపు పరదా మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, మన దగ్గర చలిగాలి ఎక్కువగా ఆ వైపు నుంచీ తూర్పు నుంచీ వస్తుంది. పొద్దున ఎండ ఎక్కాక దక్షిణం వైపు ముందు దించాలి.

బొగ్గుల కుంపట్లు వాడే ఫారాలు మీ లైన్లో ఉంటే అక్కడ మరింత కచ్చితంగా ఉండండి. బొగ్గు బయటే రాజుకుని, పొగ పోయి, నిప్పు ఎర్రబడ్డాకే లోపలికి తేవాలి. అయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, దానికి వాసన ఉండదు. మూసిన షెడ్డులో పిల్లలు నిద్రపోతున్నట్టే పడి ఉంటాయి, కోస్తే రక్తం ఎర్రగా నిగనిగలాడుతుంది. పిల్లల కంటే ముందు చెప్పవలసింది మనుషుల గురించి. కాపలా ఉండే కూలీ, చాలాసార్లు వేరే రాష్ట్రం నుంచి భార్యాపిల్లలతో వచ్చినవాడు, వెచ్చగా ఉంటుందని కుంపటి పక్కనే చాప వేసుకుని పడుకుంటాడు. అలా పడుకోనివ్వొద్దని ఫార్మర్‌తోనూ చెప్పండి, ఆ కూలీతోనూ అతనికి వచ్చిన భాషలో చెప్పండి. ఇది మీ చెక్‌లిస్టులో లేకపోయినా చెప్పండి.

ఇంత చెప్పినా ఫార్మర్ రాత్రి మంట తగ్గిస్తాడు. ఎందుకో అర్థం చేసుకోకపోతే మీరు ఎన్నిసార్లు చెప్పినా వినడు. ఇంటిగ్రేషన్‌లో పిల్లలు, ఫీడ్, మందులు కంపెనీవి. షెడ్డు, కూలీ, కరెంటు, ఊక, గ్యాస్ అతనివి. మంట పెరిగితే తగిలేది అతని జేబుకే. "మీకేంది సార్, సిలిండర్ పైసలు నేను కట్టాలె" అంటే దానికి జవాబు ఉపన్యాసం కాదు, లెక్క. అతని ఎదుట కూర్చుని వేయండి. 5,000 పిల్లల్లో చలికి అదనంగా 100 పోయాయనుకుందాం. ఒక్కొక్కటి 2.2 కిలోలయ్యేది, మొత్తం 220 కిలోలు. ఎప్పుడూ పోయేవి మరో 100 తీసేస్తే మిగిలిన 4,800 కోళ్లు తలా 100 గ్రాములు తక్కువ తూగాయనుకుందాం, 480 కిలోలు. రెండూ కలిపి 700 కిలోలు. గ్రోయింగ్ చార్జి కిలోకు 6 రూపాయలనుకుంటే 4,200. ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు పట్టే మేత లెక్క) చెడి రేటు స్లాబు దిగితే ఆ కోత మొత్తం బ్యాచ్ మీద పడుతుంది. రాత్రిళ్లు మంట తగ్గించి అతను మిగిల్చింది ఒక సిలిండర్, రెండు వేలనుకుందాం. మీ కంపెనీ రేట్లు, ఆ రోజు సిలిండర్ ధర పెట్టి ఇదే లెక్క అతని నోటుబుక్కులో, అతని చేత్తోనే వేయించండి. నేను పది మందికి చెప్పి ఓడిపోయిన చోట ఈ లెక్క పనిచేసింది.

అన్నట్టు ఇంట్లో వంటకు వాడే సిలిండర్ షెడ్డుకు తెస్తామంటే ఒప్పుకోకండి. అది చట్టానికి విరుద్ధం, మీ సంతకం ఉన్న ఫారంలో అది జరగకూడదు.

గ్యాస్ గురించి మరో మాట. తెల్లవారుజామున మూడింటికి మంట దానంతటదే సన్నబడితే సిలిండర్ అయిపోయిందనుకుంటారు, చాలాసార్లు కాదు. బయట చలికి సిలిండర్ చల్లబడి లోపలి ద్రవం గ్యాస్‌గా మారడం నెమ్మదిస్తుంది, ప్రెషర్ పడిపోతుంది. సరిగ్గా వేడి ఎక్కువ కావలసిన వేళకే ఇలా అవుతుంది. ఒక సిలిండర్ మీద బ్రూడర్లన్నీ వేయకుండా రెండు సిలిండర్లు కలిపి లైన్ ఇప్పిస్తే ఇబ్బంది తగ్గుతుంది. సిలిండర్‌ను వేడి చేయడానికి మంట దగ్గర పెట్టడం, వేడినీళ్లు పోయడం లాంటివి ఎవరినీ చేయనివ్వకండి.

కరెంటు బల్బులతో బ్రూడింగ్ చేసే చిన్న ఫారాల్లో పిల్లకు రెండు వాట్ల చొప్పున లెక్క వేసుకోవాలి, 500 పిల్లల గుంపుకు 1,000 వాట్లు. ఒకసారి మర్కూక్ వైపు ఒక షెడ్డులో రెండు రాత్రులు పిల్లలు గుంపు కట్టాయి. బల్బులన్నీ వెలుగుతున్నాయి, ధగధగా వెలుతురు. ఫార్మర్ కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు, కరెంటు బిల్లు తగ్గుతుందని 200 వాట్ల పాత బల్బులు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టి వెళ్లాడు. ఎల్‌ఈడీ వెలుతురిస్తుంది, పిల్లలకు పనికొచ్చే వేడి ఇవ్వదు. నేను పగలు వెళ్లి వెలుతురు చూసి తృప్తిపడి వచ్చాను. బల్బుల కింద చెయ్యి పెట్టి ఉంటే ఒక్క క్షణంలో తెలిసేది. బల్బుల మీద నడిచే ఫారంలో జనరేటర్ గానీ, సిద్ధంగా ఉన్న గ్యాస్ బ్రూడర్ గానీ లేకుండా పిల్లలు దింపొద్దని ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మోర్టాలిటీ వస్తే తప్పు ఎవరిదో తేలాలి కదా. బండి దగ్గరే తేల్చుకోండి. దింపేటప్పుడు 100 పిల్లలను తూకం వేసి రాసుకోండి, పది బాక్సుల నుంచి కొన్ని తీసి బొడ్లు చూడండి. బొడ్డు మూసుకోకుండా నల్లగా, తడిగా ఉంటే ఫోటో తీసి అప్పుడే పంపండి. మూడో రోజు పంపితే ఎవరూ నమ్మరు. చచ్చిన పిల్లలను కోసినప్పుడు పసుపు సొన కరగకుండా మిగిలి ఉంటే వెంటనే హ్యాచరీ మీద వేయకండి, చలి పట్టిన పిల్లలోనూ సొన కరగదు. బొడ్డు రికార్డు, రాత్రి టెంపరేచర్ ఫోటోలు పక్కపక్కన పెడితే నిజం తెలుస్తుంది. అది మీకు వ్యతిరేకంగా వచ్చినా దాచకండి. మొదటి చలికాలంలో నేను హ్యాచరీ మీద వేసిన ఆ రిపోర్ట్‌ను తర్వాత సరిదిద్దడానికి నేను చాలా సిగ్గుపడాల్సి వచ్చింది, అయినా ఆ తర్వాతే ఆఫీసులో నా రిపోర్టుకు విలువ వచ్చింది. మీకు తేలనిది ఏదైనా ఉంటే రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్ ఉంది. అంచనా మీద మందులు మార్చడం కంటే చచ్చిన పిల్లలను ఐస్ పెట్టెలో తీసుకెళ్లడం చౌక.

వేడి వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి, ఎత్తు పెంచే గొలుసుతో గానీ మంటతో గానీ. గార్డులు విప్పి జాగా పెంచే పని సాయంత్రం పెట్టుకోకండి, కూలీలకు అప్పుడే ఖాళీ అయినా సరే. కొత్త జాగా ఊక చల్లగా ఉంటుంది, రాత్రి పిల్లలు అక్కడ చిక్కుకుంటాయి. పొద్దున పదింటికి విప్పితే సాయంత్రానికి అలవాటు పడతాయి. షెడ్డులో మూడో వంతు నుంచి మొదలుపెట్టి, చలి చూసుకుంటూ రెండు మూడు విడతల్లో పెంచండి.

బ్రూడర్ పూర్తిగా ఎప్పుడు తీయాలనేది చార్టు చెప్పదు. ఎండాకాలం వారంలో తీసేసే అదే షెడ్డులో జనవరిలో రాత్రి పూట పద్దెనిమిదో రోజు దాకా అవసరం పడొచ్చు. రెక్కల మీద, వీపు మీద ఈకలు వచ్చాయో లేదో చూడండి. తీసేసిన మొదటి రాత్రి బ్రూడర్లను విప్పనివ్వకుండా పైకి కట్టి ఉంచండి, సిలిండర్ లైన్ తీయించొద్దు. మూడు గంటలకు మీరే వెళ్లి, టార్చి వేయకుండా పరదా పక్కన రెండు నిమిషాలు నిలబడి వినండి. అరుపు లేకుండా, అక్కడక్కడ మేత తొట్ల దగ్గర చప్పుడు మాత్రమే వినిపిస్తుంటే, పొద్దున బ్రూడర్లు దించి కడిగి పెట్టమని చెప్పొచ్చు.